ఉత్త నీళ్ళ మొక్కు

శుక్రవారం పొద్దున హెష్మత్ పెట్టుకున్న పని చాలా చిన్నది. రెండు పెద్ద గుండిగల్లో నీళ్ళు మరిగించాలి. వెనకగదిని ఆవిరితో నింపాలి. అందులో భార్యని ఒక గంట కూర్చోబెట్టాలి. మధ్యాహ్నం భోజనం వేళకి ఆమె నోటితోనే "ఈ బందర్ అబ్బాస్ మనకొద్దండీ" అనిపించుకోవాలి. ఆ తర్వాత చల్లటి నేలమాళిగలోకి దిగి సాయంత్రం దాకా పడుకోవాలి. యాభై ఆరేళ్ళ మనిషి ఒక సెలవురోజు నుంచి కోరుకున్నది ఇంతే. అయినా అది ఎడారి మధ్య ఉన్న మా యజ్ద్ ఊళ్ళో, అదీ మా వీధిలో, కుదిరే పని కాదని ఆయనకి ముందే తట్టి ఉండాల్సింది.

అసలు గొడవ సోమవారం మొదలైంది. ఊరి బయట పింగాణీ పలకల ఫ్యాక్టరీలో ఇరవై ఎనిమిదేళ్ళుగా సరుకు రిజిస్టర్లు రాస్తున్న హెష్మత్‌ని మేనేజర్ తొరాబీ గారు పిలిచి, టీ తెప్పించి, బందర్ అబ్బాస్ రేవులోని గిడ్డంగికి అధికారిగా వెళ్తారా అని అడిగాడు. మా దగ్గర ఎవరేం ఇవ్వజూపినా రెండుసార్లు వద్దనాలి, మూడోసారి తీసుకోవాలి. ఇచ్చేవాడు కూడా మూడుసార్లు అడగాలి. హెష్మత్ మొదటిసారి "నేనెంతటివాణ్ణి" అన్నాడు. రెండోసారి "నాకంటే పెద్దవాళ్ళున్నారు" అన్నాడు. మూడోసారి అడిగేసరికి ఆ రెండు మాటలూ అయిపోయాయి. పుట్టి బుద్ధెరిగాక ఎవరి మొహం మీదా కుదరదని చెప్పిన మనిషి కాదు. అందుకని, ఇంట్లో అడిగి శనివారం చెప్తానన్నాడు. ఆయనకున్న దారి అదొక్కటే. ఇంట్లో వద్దన్నారంటే మా ఊళ్ళో ఇంకెవరూ రెండో మాట అడగరు.

చిక్కేమిటంటే ఇంట్లో వద్దనలేదు.

ఆయన భార్య తూరాన్ బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. పేపరు తీసి చూసింది. యజ్ద్ నలభై నాలుగు, బందర్ అబ్బాస్ ముప్పై ఎనిమిది. ఆరు డిగ్రీలు తక్కువ ఉన్న ఊరికి వేడని భయపడటం ఏమిటని అడిగింది. అడుగుతూ రెండుసార్లు దగ్గింది. ఆమెది పన్నెండేళ్ళనాటి పొడిదగ్గు. డాక్టర్లు దుమ్మన్నారు, ఎండిన గాలన్నారు, మందులు రాశారు. దగ్గు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆమె ఇంట్లో ఉందో లేదో వీధిలోవాళ్ళు ఆ దగ్గుని బట్టే చెప్పేవారు. హెష్మత్‌కి మాత్రం అది గోడగడియారం చప్పుడులా వినిపించడం మానేసి చాలా కాలమైంది.

ఆయన మంగళవారమంతా చెప్పిచూశాడు. ఇరవయ్యో ఏట సైన్యం కొలువు రెండేళ్ళు అక్కడే చేశానన్నాడు. ఉతికిన చొక్కా మూడు రోజులకీ ఆరదనీ, బూట్లలో బూజు పడుతుందనీ, ఒళ్ళంతా చెమటకాయలు లేచి నిలువునా గోక్కోవాల్సి వస్తుందనీ చెప్పాడు. ఇక్కడ చెమట పట్టిన సంగతి మనకి తెలిసేలోపే ఆరిపోతుంది, అక్కడ పట్టిన చెమట మనతోనే కాపరం పెడుతుంది అన్నాడు. చివరికి, మన నీళ్ళ కూలర్ అక్కడ తిరగడమే తప్ప చల్లబరచదన్నాడు.

"మన కూలర్ పన్నెండేళ్ళుగా బంగారంలా పని చేస్తోంది. అక్కడికెళ్తే దానికేం రోగం?" అంది తూరాన్.

"గాలికి దాహం ఉంటేనే కూలర్ పని చేస్తుందే. అక్కడి గాలి ముందే కడుపునిండా తాగి ఉంటుంది."

"నలభై నాలుగు పెద్దదా, ముప్పై ఎనిమిది పెద్దదా? అది చెప్పండి ముందు."

బుధవారం కూడా ఇదే లెక్క నడిచింది. కళ్ళతో చూడనిదే, ఒంటికి తగలనిదే నమ్మనని ఆవిడ తేల్చిచెప్పింది. అప్పుడే హెష్మత్‌కి ఆవిరి ఆలోచన వచ్చింది. బందర్‌కి ఈవిడని తీసుకెళ్ళడమెందుకు, బందర్‌నే వెనకగదిలోకి తెస్తే సరిపోతుంది కదా అనుకున్నాడు. చాలా కాలం తర్వాత తనకొక మంచి ఆలోచన వచ్చిందని ఆ పూట కాస్త హుషారుగా కూడా ఉన్నాడు.

ఇంట్లో గిన్నెలు ఈ పనికి చాలవు. గురువారం సాయంత్రం వీధి చివరి హుసేనియా ప్రార్థనాశాలకి వెళ్ళి, అక్కడి రాగి గుండిగలు రెండూ, గ్యాసు పొయ్యిలూ అడిగాడు. కావలి ఉండే ముసలి మష్ రమజాన్ దేనికని అడిగితే, ఆవిరి సంగతి చెప్పడానికి సిగ్గేసి, "బందర్ ఉద్యోగం విషయంగా ఒక పనుంది" అన్నాడు. ముసలాయన గుండెల మీద చెయ్యి వేసుకుని తలొంచాడు. ఇంకేమీ అడగకుండా తనే తోపుడుబండి మీదకెక్కించి, వీధి పొడుగునా గణగణమనిపిస్తూ తెచ్చి ఇంట్లో దించాడు.

ఆ గుండిగలు హుసేనియా గడప దాటేది ఒకే ఒక్క పనికి. ఎవరైనా మొక్కుకుని, ఆకుకూరలూ గింజలూ వేసి కాచే చిక్కటి ఆష్ ఊరికి వండి పంచినప్పుడు. ఈ సంగతి మా వీధిలో మూడేళ్ళ పిల్లకి కూడా తెలుసు. హెష్మత్‌కీ తెలుసు. కానీ ఎన్ని లీటర్ల నీళ్ళకి ఎంత ఆవిరి వస్తుందనే లెక్కలో పడి మరిచిపోయాడు.

శుక్రవారం ఆరింటికే పెరట్లో పొయ్యిలు వెలిగించాడు. వెనకగది కిటికీకి తడిదుప్పట్లు కట్టాడు. కూలర్ గొట్టం నోట్లో గుడ్డలు కుక్కాడు. తూరాన్ తలగడ, తువ్వాలు, లెక్కల పజిళ్ళ పుస్తకం పట్టుకుని లోపల పరుపు మీద చేరబడింది.

"అరవై నిమిషాలు. గడియారం చూసి మరీ చెప్పండి. మధ్యలో ఆపి, అయిపోయిందంటే నేనొప్పుకోను" అంది.

ఆయన మరిగే నీళ్ళని బేసిన్లలోకి తోడి, పెరటి నుంచి గదిలోకి మోయడం మొదలుపెట్టాడు. పెరట్లో ఎండ ముక్కుపుటాల్ని కాల్చేది. గదిలో ఉక్క మెడ పట్టుకునేది. లోపల తడిసి ముద్దయిన చొక్కా పెరట్లోకి వచ్చి పొయ్యి చేరేలోపు ఎండి, వీపు మీద ఉప్పుచారలు తేలేది. మళ్ళీ లోపలికెళ్తే మళ్ళీ తడి. ఆరో బేసిను మోసేసరికి ఎండిన వేడికీ తడి వేడికీ తేడా ఈ దేశంలో తనకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని ఆయనకి గట్టిగా నమ్మకం కలిగింది. లోపల మాత్రం తూరాన్ హాయిగా కళ్ళజోడు తుడుచుకుంటూ పజిల్ చేసుకుంటోంది.

అప్పుడు తలుపు చప్పుడైంది. పక్కింటి బద్రీ ఖానుం. ఆవిడ చేతుల్లో పళ్ళెం నిండా కడిగి తరిగిన పాలకూర ఉంది. గోడ మీదుగా ఆవిరి కనిపించిందనీ, మన ఊరి షూలీ ఆష్‌కి పాలకూర ఎంతున్నా చాలదనీ, తన వంతుగా ఇది వెయ్యమనీ అంది.

హెష్మత్ నిజం చెప్పాడు. "ఆష్ ఏమీ లేదక్కయ్యా. ఉత్త నీళ్ళు."

బద్రీ ఖానుం నవ్వింది. "అలాగే అంటారు లెండి. మా ఆయన గొర్రెని కోసి వీధంతా పంచిన రోజు కూడా, ఏముందమ్మా, రెండు ఎముకలు అన్నాడు."

"కాదక్కయ్యా, నిజంగానే నీళ్ళు. వచ్చి చూడండి."

వచ్చి చూసింది. నీళ్ళే. దానికామె మరీ పొంగిపోయింది. ఇంకా ఏమీ వెయ్యలేదన్నమాట, మొదటి గుప్పెడు నాదే అన్నమాట అని, బిస్మిల్లా అంటూ పాలకూర మొత్తం ఒక గుండిగలో పోసేసింది.

మా దగ్గర మనిషి అబద్ధం చెప్తే ఎవరో ఒకరు పట్టుకుంటారు. నిజం చెప్తేనే కష్టం. ఏమీ లేదన్నవాడి ఇంట్లో చాలా ఉందని అర్థం. వద్దన్నవాడికి కావాలని అర్థం. హెష్మత్ యాభై ఆరేళ్ళుగా ఈ పద్ధతిలోనే బతికాడు, ఈ పద్ధతిలోనే పక్కవాళ్ళ మాటలు విన్నాడు. ఇప్పుడు తప్పించుకోవడానికి ఆయన దగ్గర వేరే భాష లేదు.

పావుగంటలో రొట్టెల కొట్టతను పిండి బస్తా దించాడు. హెష్మత్ వద్దన్నాడు. రొట్టెలాయన ఇంకో అర బస్తా తెచ్చాడు. ఎదురింటివాళ్ళు పెసలు, చిక్కుడు గింజలు, ఆ పక్కవాళ్ళు బీట్‌రూట్లు, మెంతికూర, సీసాడు వెనిగర్ పట్టుకొచ్చారు. మష్ రమజాన్, నిన్న ఇవ్వడం మరిచానంటూ, మనిషి ఎత్తున్న కలిపే తెడ్డు భుజాన వేసుకుని వచ్చాడు. ఎనిమిదయ్యేసరికి పెరట్లో పద్నాలుగు మంది ఆడవాళ్ళు ఉల్లిపాయలు కోస్తున్నారు. ఒక్కొక్కరే వచ్చి తెడ్డు పట్టి, కళ్ళు మూసుకుని, మనసులో ఏదో కోరుకుని మూడుసార్లు తిప్పి వెళ్తున్నారు. హెష్మత్‌ని కూడా తిప్పమన్నారు. ఆయన కళ్ళు మూసుకుని, వీళ్ళందరూ ఇంటికి వెళ్ళిపోవాలని కోరుకున్నాడు.

రెండో గుండిగలో ఇంకా నీళ్ళే ఉన్నాయి. ఆష్ చిక్కబడితే పొయ్యడానికి ఉండాలని బద్రీ ఖానుం దాన్ని ఎవర్నీ ముట్టనివ్వలేదు. అందులోంచి హెష్మత్ బేసిన్లు మోస్తూనే ఉన్నాడు. ఆపితే ఇంతసేపూ ఎందుకు మోశాడో చెప్పాలి. చెప్పినా నమ్మరు. మూసిన గదిలోకి మరిగే నీళ్ళు మోయడం చూసి ఆడవాళ్ళు గుసగుసలాడుకుని, మొక్కులో అదొక షరతు కాబోలని తేల్చుకున్నారు. ఒకామె లేచి, పాపం ఆయన ఒక్కడే మోస్తున్నాడని, పుణ్యంలో పాలు కోసం తనూ రెండు బేసిన్లు తలుపుదాకా తెచ్చిపెట్టింది.

గంట దాటింది. హెష్మత్ తలుపు సందులోంచి తల దూర్చి, టైమైపోయింది బయటికి రమ్మని బతిమాలాడు. బయట ఆ గోలేమిటని తూరాన్ అడిగింది. ఇరుగుపొరుగన్నాడు. అయితే వాళ్ళు పోయాక వస్తానంది, ఈ తడిసిన జుట్టుతో నలుగురి ముందుకి రానంది. తలుపు వేసెయ్యమంది.

మొక్కు దేనికని ఎవరూ ఆయన్ని అడగలేదు. మొక్కు బయటికి చెప్తే ఫలించదని మావాళ్ళ నమ్మకం. కానీ అడక్కపోవడం వేరు, తెలుసుకోకపోవడం వేరు. మష్ రమజాన్ మాత్రం, తనకి స్వయంగా చెప్పాడు కాబట్టి, బందర్ ఉద్యోగం రావాలని మొక్కాడని ఒకరి తర్వాత ఒకరికి రహస్యంగా చెప్పాడు. పదకొండింటికి ఆష్ దించి, గిన్నెల్లో పోసి, పిల్లల చేత నాలుగు వీధులకీ పంపించారు. గిన్నెతో పాటు రహస్యం కూడా వెళ్ళింది.

బద్రీ ఖానుం మాత్రం ఆ మాట నమ్మలేదు. హెష్మత్ గోడ నీడలో కూలబడి కూజా ఎత్తి నీళ్ళు తాగుతుంటే పక్కన వచ్చి కూర్చుంది.

"ఉద్యోగం కోసమని వాళ్ళంటున్నారు. అననీ. నాకు తెలుసు ఎందుకో" అంది, గొంతు తగ్గించి. "తెల్లారగట్ల మొదలవుతుంది గోడ అవతల. పన్నెండేళ్ళ బట్టీ వింటున్నా. దగ్గీ దగ్గీ ఆవిడ ఆగాక, నేను లేచి ఒక గ్లాసు నీళ్ళు తాగి పడుకుంటా. ఆవిడ తాగినట్టే ఉంటుంది నాకు."

హెష్మత్ కూజా కింద పెట్టాడు. గోడకి అవతల ఉన్న మనిషి వింటోంది. గోడకి ఇవతల, అదే గదిలో పడుకునే తను వినడం లేదు. ఈ రోజు పొద్దున్నుంచీ తను చేసిన కష్టమంతా ఆ దగ్గు కోసమని ఈవిడ అనుకుంటోంది. కాదని చెప్తే ఎలాగూ నమ్మదు. మొదటిసారిగా ఆయనకి చెప్పాలని కూడా అనిపించలేదు. సిగ్గేసింది.

ఒంటిగంటకి జనం తగ్గారు. రెండింటికి, మా ఊళ్ళో మతిస్థిమితం ఉన్నవాడెవడూ బయట తిరగని వేళ, తొరాబీ గారు వచ్చాడు. చేతిలో ఖాళీ గిన్నె, దాంట్లో ఆనవాయితీ ప్రకారం గుప్పెడు పటికబెల్లం. మేనేజరు తల్లి ఇల్లు మూడో వీధిలోనే. ఆవిడకి ఆష్, రహస్యం రెండూ వేడివేడిగా అందాయి.

పెరట్లో చెక్కబల్ల మీద కూర్చుని ఆయన ఆష్ బాగుందన్నాడు. హెష్మత్ ఏం బాగులెండి అన్నాడు. కొంచెం పులుపు తగ్గిందేమో అని హెష్మత్ అంటే, అసలు అదే పులుపు అని ఆయన అన్నాడు. పది నిమిషాలు అలా గడిచాక తొరాబీ గారు చేతిరుమాలుతో మెడ తుడుచుకుని అసలు సంగతికి వచ్చాడు.

"హెష్మత్ గారూ, మీరు నాకు అన్నగారి లాంటివారు కాబట్టి చెప్తున్నాను. సీనియర్ని ముందు అడగాలి, అది రూలు. మిమ్మల్ని అడిగాను. బందర్ అంటే మనవాళ్ళెవరూ వెళ్ళరు కదా, మీరూ వద్దంటారనుకున్నాను. మా చెల్లెలి కొడుకు పెట్టె కూడా సర్దుకున్నాడు. వాడి సంగతి వదిలెయ్యండి, వాడెంత. కానీ మీరు మొక్కే మొక్కారంటే..." ఆయన ఆగి, నీరసంగా నిట్టూర్చాడు. "మొక్కిన మనిషి దగ్గర్నుంచి నేనుగా వెనక్కి తీసుకోలేను. అమ్మ ఊరుకోదు. ఒకవేళ ఇంట్లో ఒప్పుకోలేదనుకోండి, అది వేరే సంగతి. ఆవిడ వద్దన్నారని ఒక్క మాట అనండి చాలు. ఎవరూ ఏమీ అనుకోరు."

సోమవారం నుంచి హెష్మత్ దేని కోసం కిందా మీదా పడుతున్నాడో, అది పళ్ళెంలో పెట్టి, ఇంటికి తెచ్చి, తీసుకోమని బతిమాలుతున్నారు. కోరుకున్నది ఇంత తేలిగ్గా దొరకడం ఆయన జీవితంలో ఎప్పుడూ జరగలేదు. ఒక్క మాట. పైగా దాంతో ఇద్దరికీ మంచి జరుగుతుంది. ఆయన నోరు తెరిచాడు.

తెరిచి, ఆగాడు. ఏదో తగ్గినట్టనిపించింది. పెరడంతా నిశ్శబ్దంగా ఉంది. రోజూ ఉండే నిశ్శబ్దం కాదు. ఎక్కడో గడియారం ఆగిపోతే ఇల్లు ఎలా ఉంటుందో అలా ఉంది. పొద్దున ఆరింటి నుంచి ఇప్పటిదాకా ఆయన గుర్తు చేసుకుని చూశాడు. తలుపు దగ్గర మాట్లాడినప్పుడు ఆమె దగ్గిందా, లేదు. అంతకుముందు, లేదు.

ఇప్పుడే వస్తానని లేచి, వెనకగది తలుపు తీశాడు. ఉక్క మొహాన కొట్టింది. తూరాన్ బేసిన్ల మధ్య పరుపు మీద పడుకుని నిద్రపోతోంది. పుస్తకం పొట్ట మీద బోర్లా ఉంది. జుట్టు నుదుటికి అతుక్కుపోయింది. మొహం నిగనిగలాడుతోంది. నోరు మూసుకుని, నిండుగా, నెమ్మదిగా ఊపిరి తీస్తోంది. ఆమె అలా నిద్రపోగా ఆయన ఎన్నాళ్ళ కింద చూశాడో గుర్తు రాలేదు. పన్నెండేళ్ళుగా ఈ మనిషికి కావల్సింది ఇదే. తను ఇవాళ దీన్ని మోసుకొచ్చింది, ఇది అక్కర్లేదని ఆమె చేత చెప్పించడానికి. ఆయన కాసేపు అక్కడే నిలబడ్డాడు. చెమట కళ్ళలోకి కారుతుంటే తుడుచుకోలేదు. తర్వాత తలుపు చప్పుడు కాకుండా వేసి, వచ్చి బల్ల మీద కూర్చున్నాడు.

"ఇంట్లో ఒప్పుకుందండీ" అన్నాడు.

తొరాబీ గారు మెల్లగా నవ్వాడు. "మర్యాదకి అంటున్నారు."

"లేదండీ. వెళ్తాం."

"నా మొహమాటం కోసం ఒప్పుకోకండి హెష్మత్ గారూ. నేనేమీ అనుకోను."

"మొహమాటం కాదండీ. నిజంగానే."

తొరాబీ గారు తల పంకించాడు. మీ మంచితనం నాకు తెలియదా అన్నాడు. మూడోసారి కూడా అడిగాడు. ఈ రోజు తను చెప్పిన నిజాలన్నిటికీ ఇదే గతి పట్టిందని హెష్మత్‌కి గుర్తొచ్చింది. ఇక ఓపిక లేదు. కాళ్ళు లాగుతున్నాయి, వీపు మీద ఉప్పు మండుతోంది.

"తొరాబీ గారూ," అన్నాడు, "ఆ ఊరంటే నాకు పరమ అసహ్యం. ఆ ఉక్క, ఆ చెమటకాయలు తలుచుకుంటేనే ఏడుపొస్తోంది. మీరు నన్నెందుకడిగారా అని వారం నుంచి మిమ్మల్ని తిట్టుకుంటున్నాను. మీ మేనల్లుడికిస్తే నాకు పండగే. కానీ నేనే వెళ్తాను. ఇంట్లో మనిషికి ఆ గాలి కావాలి."

మర్యాదకి ఎవరూ ఇలా మాట్లాడరు. కాబట్టి తొరాబీ గారు నమ్మాడు. లేచి, గుండెల మీద చెయ్యి వేసుకుని, సోమవారం కాగితాలు తయారుచేయిస్తానన్నాడు. గుమ్మం దగ్గర ఆగి, మొక్కంటే మాటలు కాదు, ఒక్క రోజులో ఫలించింది అన్నాడు. ఉత్త నీళ్ళేనండీ అందామని హెష్మత్‌కి నోటిదాకా వచ్చింది. అనలేదు.

తూరాన్ నాలుగింటికి లేచింది. తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ పెరట్లోకి వచ్చి, గుండిగలూ ఉల్లిపొట్టూ వెనిగర్ సీసాలూ చూసి, ఇదంతా ఏమిటని అడిగి, సమాధానం కోసం ఆగకుండానే బల్ల మీద కూర్చుంది.

"ఇదేనా మీ బందర్? దీనికా వారం నుంచి ఇంత గోల?" అంది. "నేను ముందే చెప్పలేదూ, ముప్పై ఎనిమిది ఎప్పటికైనా తక్కువే."

అంటూ ఆవులించింది. ఎండిన పెరటి గాలి లోపలికి పోగానే ఖళ్ళుమని దగ్గింది. ఇన్నేళ్ళ తర్వాత హెష్మత్‌కి ఆ దగ్గు వినిపించింది. లేచి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చిచ్చాడు. ఆవిడ ఆశ్చర్యంగా చూసి, తాగింది.

నెలాఖరుకి లారీ వచ్చింది. మష్ రమజాన్ సామాన్లెక్కించడానికి సాయం వచ్చి, మొక్కు ఫలించింది కాబట్టి ఏటా ఆ మొక్కు రోజున వచ్చి ఆష్ పొయ్యాలనీ, గుండిగలు ఆయన పేరు మీద ఆపి ఉంచుతాననీ చెప్పాడు. హెష్మత్ సరేనన్నాడు. అన్నిటికంటే ముందు నీళ్ళ కూలర్ ఎక్కించమని తూరాన్ దగ్గరుండి చెప్పింది. హెష్మత్ తన వాటా నిజాలన్నీ ఆ శుక్రవారమే చెప్పేసి అలిసిపోయి ఉన్నాడు కాబట్టి, మాట్లాడకుండా ఒక కొస పట్టుకుని ఎత్తాడు.